ఆవిరి రంగు ఆకాశం

వెదురు గడను కిటికీలోంచి లోపలికి లాగి ఉజ్వల బట్టలు తీస్తుంటే, హాల్లోంచి పృథ్వీ కేకేశాడు. "ఫొటోలో ఆ ఆకుపచ్చ ఇంకాస్త పెంచు ఉజ్వలా. మధ్యాహ్నానికి అందరూ వచ్చేస్తారు."

ఏడాదంతా ఎండ కాసే ఈ ఆంగ్ మో కియో పేటలో వేలాడుతున్న, నార్వే వెళ్లొచ్చిన ఉన్ని బట్టలు చూసి ఎదురు బ్లాకు చైనా ముసలమ్మ నవ్వుకుంటోంది. ఉజ్వల వాటిని మంచం మీద పడేసి లాప్‌టాప్ ముందు కూర్చుంది. పొయ్యి మీద పప్పు, తెర మీద ఆకాశం, రెండూ మాడకుండా చూసుకోవాలి. అత్తగారు నిన్న ఫోన్లో అననే అంది. "వాడంత చలిలో పడి తీశాడు. నువ్వు ఇంట్లో కూచుని రంగులేగా వేసేది."

చలి సంగతి ఆవిడకేం తెలుసు? చలికి కెమెరా బ్యాటరీలు చచ్చిపోతాయని, వాటిని ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచే పని ఉజ్వలకు అప్పజెప్పాడు పృథ్వీ. "నీ ఒళ్లెప్పుడూ వెచ్చగానే ఉంటుంది కదా" అన్నాడు, మెచ్చుకుంటున్నట్టే. గడ్డకట్టిన సరస్సు ఒడ్డున అవి బనీను లోపల గుచ్చుకుంటూనే ఉన్నాయి. చూసీ చూసీ వేళ్లు కొంకర్లు పోయి అతను వ్యాన్‌లోకి వెళ్లిపోయాడు. సరిగ్గా అప్పుడే వచ్చింది, ధ్రువం దగ్గర రాత్రి ఆకాశంలో కదిలే ఆ ఉత్తరపు వెలుగు. కెమెరా చూస్తే ఆగిపోయి ఉంది. ఆమే బ్యాటరీ మార్చి, బటన్ నొక్కి, అలా చూస్తూ నిలబడిపోయింది.

ఏం చూసింది? అక్కడే తికమక. కంటికి కనబడింది ఆకుపచ్చ కాదు. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పటి ఆవిరిలా, బూడిద రంగులో కొండ మీంచి కదిలింది. ఎందుకో ఏడుపొచ్చింది. కెమెరా తెర మీద మాత్రం పచ్చగా వెలిగిపోతోంది. కెమెరా మన కంటికంటే ఎక్కువసేపు వెలుతురు పోగేసుకుంటుందని గైడు చెప్పాడు, కాబట్టి అది అబద్ధం కాదు. మరి ఆవిరి అబద్ధమా? పృథ్వీ పరుగెత్తుకొచ్చేసరికి పైన ఏమీ మిగల్లేదు. ఆ ప్రయాణం మొత్తంలో అది మళ్లీ రానూ లేదు. అతను తెర చూసి, "చూశావా, సెట్టింగ్స్ ఎంత కరెక్ట్‌గా పెట్టానో" అన్నాడు. నిజమే, పెట్టింది అతనే. కెమెరా కూడా అతనిదే. నొక్కిన వేలు తనది, బ్యాటరీలో వేడి తనది. ఇంతకీ ఫొటో ఎవరిది? పైగా ప్రతి ఫొటో మూలనా 'పృథ్వీ ఫొటోగ్రఫీ' అని దానంతటదే పడేలా ఏర్పాటు చేసింది కూడా తనే, పెళ్లయిన కొత్తలో, ముచ్చటపడి. ఇప్పుడెవరితో దెబ్బలాడాలో ఆమెకే తెలియలేదు.

"ఇంకొంచెం" అన్నాడు పృథ్వీ వెనకనుంచి. ఆమె తెర మీద రంగు మీటను జరిపింది. తెర మీద పచ్చదనం చిక్కబడుతుంటే తలలోని ఆవిరి కూడా పచ్చబడుతోంది. నాకు కనబడింది కూడా ఇలాగేనేమో, నా కళ్లే సరిగ్గా లేవేమో అనిపించింది. ఇంకొంచెం జరిపితే తను చూసింది తనకే మిగలదని భయం వేసింది. అయినా జరిపింది. పప్పు అడుగంటిన వాసనొస్తే లేచి వెళ్లింది.

మధ్యాహ్నం ఇంటినిండా జనం. టీవీలో ఆకాశం వెలిగిపోతోంది. సెంబవాంగ్ నుంచి వచ్చిన సత్యవాణి ఆంటీ కంచం పట్టుకుని దగ్గరగా వెళ్లి చూసింది. "ఏం అబ్బాయ్, కంటిక్కూడా నిజంగా ఇలాగే కనబడుద్దా?"

"అచ్చం ఇలాగే ఆంటీ. కావాలంటే ఉజ్వలనడగండి" అన్నాడు పృథ్వీ, ఆమె వైపు చూడకుండానే.

ఉజ్వల తల అలవాటు కొద్దీ ఊగబోయి ఆగింది. చేతిలో పప్పు గిన్నె బల్ల మీద పెట్టింది.

"ఆవిరిలా ఉందాంటీ. బూడిద రంగు. ఈ ఆకుపచ్చ పొద్దున నేను పెంచింది" అంది. "ఆయన చూడలేదు. అప్పుడు వ్యాన్‌లో ఉన్నారు."