సూది మొన

మొదటి ముక్క మిషను పాదం దగ్గరే దొరికింది, లావుపాటిది, మొన మాత్రం ఎటు ఎగిరిందో, సూది విరగడం ఎంతసేపు, టప్పుమంది అంతే, నేను లేచి తలుపుకు అడ్డంగా నిలబడి మొన దొరికేదాకా ఎవరూ కదలొద్దు అన్నాను, అన్నాక గానీ తెలియలేదు అది నా గొంతు కాదని, జైలు కుట్టుగదిలో వార్డరమ్మ గొంతని, నాలుగేళ్ళు వింటే ఎవరికైనా పట్టుబడుతుంది, కొట్టు మూసేవేళ సంచులు తగిలించుకుని బయల్దేరబోయిన ముగ్గురూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు, నేను పనిలో చేరి మూడు రోజులు, అప్పుడే అందరినీ దొంగల్లా నిలబెట్టాను, తలచుకుంటే నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది, దొంగ ఎవరో నాకు తెలియదా.

అక్కడ సూదికి సూది లెక్క, విరిగితే రెండు ముక్కలూ అగ్గిపెట్టెలో పెట్టి అప్పగిస్తేనే కొత్తది, మొన తగ్గిందా, నలభైమందిమీ చేతులు చాచి గోడవారన నిలబడాల్సిందే, ఒకసారి భోజనం వేళ దాటిపోయింది, నలభై నోళ్ళూ నన్నే తిట్టాయి, మొన నా బట్టల అంచులోనే దొరికింది మరి, అయినా ఆ గదంటే కోపం లేదు, వెళ్ళేటప్పుడు గుండీ కుట్టడం కూడా రాదు, వచ్చేటప్పటికి కాలరు తిప్పడం వచ్చింది, శిక్షణ పూర్తయిందని కాగితమూ ఇచ్చారు, దానిమీద జైలు ముద్ర వేసి ఇచ్చారు, ఇక ఎవరికి చూపించుకోను, ఈ కొట్టు యజమాని ఒక్కడే చూశాడు, చదివి మడిచి ఇచ్చేసి, పని చూపించమ్మా చాలు అన్నాడు, మిగతావాళ్ళకి చెప్పకండి అని నేనే బతిమాలాను.

మోకాళ్ళమీద కూర్చుని గుడ్డపీలికలు దులుపుతున్నాను, కటింగ్ మాస్టరు విసుక్కుంటున్నాడు, ఒక్క మొన కోసం ఇంత రాద్ధాంతమా, పొద్దున ఊడిస్తే పోతుందిగా అని, పోతుంది, కానీ కుడుతున్నది పసిపిల్ల గౌను, అన్నాను, పసిపిల్ల అనగానే మళ్ళీ నా పాప గుర్తొచ్చింది, ఆదివారం అక్క పాపను తీసుకొస్తుంది, ఐదేళ్ళప్పుడు వదిలాను, ఇప్పుడు తొమ్మిది నిండాయి, మీ అమ్మ దూరదేశంలో కుట్టుపని చేస్తోందని చెప్పి పెంచింది అక్క, కుట్టుపని మాత్రం నిజమే, నిన్న ఫోనులో, ఏ దేశమో ఒకటి అనుకోవే, మన మాటలు కలవాలి కదా, అంది, అక్కను ఏమనగలను, నా పిల్లను కడుపులో పెట్టుకుని చూసుకుంది, నిన్నట్నుంచీ దేశాలు వెతుక్కుంటున్నాను, అక్కడ మంచు పడుతుందా, వాళ్ళ భాషలో అమ్మను ఏమంటారు, పాప అడుగుతుంది, అడగకుండా ఉంటుందా, ఆ భాషలో ఒక మాట చెప్పమంటుంది, నా దగ్గర ఏముంది.

కాజాల పిన్ని మెల్లగా నా పక్కన కూలబడింది, అందరికంటే పెద్దావిడ, కాజాలు కుట్టీ కుట్టీ కళ్ళు పోగొట్టుకుంది, గౌను కుచ్చులు తడుముతూ, ఇంత పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావమ్మాయ్, పెద్ద ఫ్యాక్టరీలోనా అంది, అబద్ధం ఆవిడే చేతికి అందించింది, తలూపితే సరిపోయేది, ఊపబోయాను కూడా, జైల్లో పిన్నీ, అన్నాను, పనిచేసే ఇంట్లో నగలు తీశాను, నాలుగేళ్ళు పడింది.

ఫ్యాను తిరుగుతూనే ఉంది, బటన్ల అమ్మాయి చూపు తిప్పేసుకుంది, కటింగ్ మాస్టరు సంచిని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు, నాకు దూరంగా ఉండే భుజానికి, చూశాను, పిన్ని మాత్రం కాసేపు చెయ్యి ఆపి, మళ్ళీ తడిమి, అబ్బా, ఇదిగో గుచ్చుకుంది అని వేలు చూపించింది, రెండు ముక్కలూ అరచేతిలో పెట్టుకుని ఎవరికి అప్పగించాలో తెలియక అలాగే నిలబడ్డాను, చెత్తబుట్టలో వేసి ఇంటికి పదమ్మా, అన్నాడు గల్లాపెట్టె దగ్గర్నుంచి యజమాని.

బస్సు కోసం నడుస్తున్నాను, రేపు మాస్టరు నాతో మాట్లాడకపోవచ్చు, మానెయ్యనీ, జైలన్న మాట నోట్లోంచి వచ్చేసింది, నేనింకా నడుస్తూనే ఉన్నాను, ఆదివారం పాపకు కూడా అదే చెబుతాను, ఏ దేశమూ కాదమ్మా, జైలు, తప్పు చేశాను అని, దగ్గరికి రాకపోవచ్చు, పెద్దమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోదాం అనొచ్చు, ఏడుపొస్తుంది, అక్కడే ఏడుస్తాను, కానీ దూరదేశంలో ఉన్న ఆ అమ్మ ఎవరో నాకే తెలియదు, నిజం చెప్పాక పాప అలిగితే నామీదే కదా అలుగుతుంది.