ఏమీ లేని డబ్బా

నాకు కోపం ముక్కు మీదుంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ రోజు సిరిసిల్ల బస్టాండులో నేను తప్పేమీ చేయలేదు. ఎనభై ఆరులో, నక్సలైట్ అన్నల కోసం పోలీసులు ఊరూరా వెతుకుతున్నప్పుడు, గుండ్రటి ఉక్కు డబ్బాను చంకలో పెట్టుకుని బస్సు దిగడమే తప్పంటే ఇక చెప్పేదేముంది!

"ఏమున్నదిరా దాంట్ల?" అన్నాడు కానిస్టేబుల్ యాదగిరి.

"ఏం లేదు సార్."

"ఏం లేకుంటె గంత భద్రంగ ఎందుకు పట్టుకున్నవ్? నడువ్ స్టేషన్‌కు."

నేను హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో పని చేస్తాను. రెప్పపాటులో పిడుగంత కరెంటు వదిలే యంత్రానికి గాలి చొరబడని ఉక్కు డబ్బాలు తయారు చేయడం నా పని. లోపల గాలి మిగిలితే కరెంటు దారి తప్పి ఎక్కడబడితే అక్కడ మెరుస్తుంది. నా చంకలోది చిన్న నమూనా. ఎంత తోడినా గాలి మళ్లీ దూరుతోంది. అందుకే సెలవు పెట్టి, కోరుట్లలో తెలిసిన లేత్ పనివాడితో మూత అంచు చదును చేయించి, రేగ్‌మాల్ కాగితంతో నా చేత్తోనే నున్నగా రుద్దుకుని, సిరిసిల్లలో మా ఇంటికి వస్తున్నాను.

ఇదంతా ఎస్సైకి చెప్పాను, గాలి తోడేస్తే మూత ఎవరు గుంజినా రాదని కూడా. ఆయన గది అవతలి మూలన, బల్ల వెనక నిలబడి విన్నాడు.

"గాలి తీస్తె మూత ఊడి రాదంటున్నవ్. చేసి చూపియ్. రాకుంటె ఇంటికి పో. వచ్చిందనుకో, గిది మందుపాతర డబ్బనే. నిన్ను కరీంనగర్ తోలుత."

అట్లా తోలినవాళ్లు ఎప్పుడు తిరిగొస్తారో ఆ రోజుల్లో ఎవరికీ తెలియదు. సంచిలోంచి రబ్బరు చుట్ట తీసి అంచు మీద పెట్టి, మూత వేసి, గాలి తోడే చేతి పంపు కొట్టాను. పంపు మీటరు ముల్లు దిగింది. హమ్మయ్య అనుకునేలోపే వెనక్కి వచ్చేసింది. యాదగిరి రెండు వేళ్లతో మూత ఎత్తాడు.

"ఇగ జీపెక్కు," అన్నాడు ఎస్సై.

సరిగ్గా అప్పుడే, బస్టాండులో చూసినవాళ్లెవరో చెబితే, మా అమ్మ సత్యవ్వ రొప్పుతూ వచ్చింది. నలభై ఏళ్లుగా మగ్గాలకు నూలు కండెలు చుట్టిన చేతులు ఆమెవి. ఎవరినీ అడగకుండా మూత తిప్పి, అంచు మీద వేలు పెట్టి కళ్లు మూసుకుంది.

"గీడ గీతలున్నయ్. లోపట్నుంచి బయటికి. ఓరి పిచ్చోడా, పడుగుకు కుంచె గుంజినట్టు రుద్దినవారా?"

నా మొహం మాడిపోయింది. వీధిలో సాగదీసిన పడుగు దారాలకు గంజి పట్టించి, కుంచెను ఈ కొస నుంచి ఆ కొసకు గుంజుతూ పెరిగిన చెయ్యి నాది. రేగ్‌మాల్ అందగానే అదే గుంజుడు గుంజింది. ప్రతి గీతా రబ్బరు కింద గాలికి బాట వేసిపెట్టింది. ఇంత చదువు చదివి!

"గుండ్రంగ ఉన్నదాన్ని గుండ్రంగ రుద్దాలె గదరా," అంది అమ్మ.

ఎస్సైని బతిమాలి గంట అడిగాను. అంచు వెంబడి చుట్టూ చుట్టూ రుద్దాను. అమ్మ వేలు పెట్టి చూసి, "ఇగ చాలు," అంది. పంపు కొట్టాను. ముల్లు దిగి అక్కడే కూర్చుంది.

యాదగిరి ఎత్తాడు. రాలేదు. ఎస్సై టోపీ పక్కన పెట్టి, డబ్బాకు కాలు తన్నిపెట్టి గుంజాడు. ఒక్క బోల్టు కూడా లేని మూత కదిలితే ఒట్టు!

"ఏమున్నదిరా ఇందుల?" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"ఏం లేదు సార్."

ఈసారి నమ్మాడు.

బయటికి రాగానే ఇంతసేపూ బిగబట్టిన ఏడుపు తన్నుకొచ్చింది. నడిరోడ్డు మీద, డబ్బా పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

"ఏందిరా గిది, నడువ్, బువ్వ తిందువు," అంటూ అమ్మ నా వీపు నిమిరింది. గుండ్రంగా.