జనరల్ బజార్‌లో గొలుసు ప్రార్థన

"ఆ సందులో ఆటో ఏదైనా మీదికొస్తే ఎటు తప్పుకుంటావే? గోడకి అంటుకుపోదామన్నా గోడ కనపడదు అక్కడ, అన్నీ చీరలే వేలాడుతుంటాయి," అంది ప్రేమమణి.

దేవకృప అప్పటికింకా చెప్పులు కూడా వేసుకోలేదు. అసలు ఆ పని మొదలయ్యేది మర్నాడు. అయినా ప్రేమమణికి ముందురోజు నుంచే బెంగ పట్టుకుంది.

కూతురు బి.ఏ. మూడో ఏడు, భూగోళశాస్త్రం. ప్రేమమణి ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. ఆమె ఎరిగిన భూగోళమంటే గోడకు తగిలించే పటమూ, అందులో నీలంగా కనిపించే సముద్రమూ. నదులు చూడాలి, కొండలు చూడాలి అంటే ఒక అర్థముంది గానీ, సికింద్రాబాద్ బజారులో నిలబడడం ఏం చదువో ఆమెకు అంతుబట్టలేదు. దేవకృప విసుక్కుంటూనే విడమరిచి చెప్పింది. ఒక బజారుకి జనం ఎక్కడెక్కడి నుంచి వస్తున్నారో, ఏ పని మీద వస్తున్నారో అడిగి పటం మీద గుర్తులు పెడితే, ఆ బజారు ఎంత దూరం నుంచి మనుషుల్ని లాక్కొస్తోందో తెలుస్తుందట. క్లాసులో ఒక్కొక్కరికి ఒక్కో సందు ఇచ్చారు. దేవకృపకి జనరల్ బజార్‌లో లేసులూ గుండీలూ అమ్మే సందు వచ్చింది.

దానికో పద్ధతి కూడా ఉంది. సందు మొదట్లో సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత గీసుకోవాలి. ఒకరి జవాబులు రాసుకోవడం అయ్యాక తల ఎత్తేసరికి ఆ గీత మీద ఎవరి కాలు పడితే వాళ్లనే అడగాలి. మొహం చూసి ఎంచుకోకూడదు. తెలిసినవాళ్లని వదిలేయకూడదు. నవ్వుమొహాలను ఏరుకుని అడిగితే పటం అబద్ధమాడుతుందని రామభద్రరావు సారు నెత్తీనోరూ బాదుకుని చెప్పారట. ఇంట్లో కూర్చుని కాగితాలు నింపుకొచ్చిన వాళ్లకి ప్రాక్టికల్స్‌లో సున్నా అని కూడా చెప్పారట.

"అమ్మా, నువ్వు మాత్రం ఆ వైపు రాకూడదు. ఒట్టు పెట్టు," అంది దేవకృప చివరికి.

ఆ పిల్ల భయం ఆ పిల్లది. స్కూల్లో ఉన్నప్పుడు జూకి తీసుకెళ్తే, చెప్పకుండా వెనకాలే వచ్చి పులి బోను దగ్గర గొడుగేసుకుని నిలబడ్డ తల్లిని చూసి క్లాసు క్లాసంతా నవ్వింది. అది దేవకృప ఇంకా మరిచిపోలేదు.

"మన క్రైస్తవుల ఇళ్లల్లో ఒట్లు పెట్టకూడదు. మాటిస్తున్నాను, నేను రాను. చాలదూ?" అంది ప్రేమమణి.

మాటైతే ఇచ్చింది గానీ మనసు నిలవలేదు. తోపులాటలు, గొలుసులు తెంపుకుపోయే వాళ్లు, ఎండదెబ్బలు, ఊళ్లో ఉన్న ఆపదలన్నీ కట్టగట్టుకుని ఆ లేసుల సందులోకే వస్తున్నట్టు కనపడసాగాయి. భర్త లూకా రైల్వే ఆఫీసు నుంచి వచ్చి టీ తాగుతుంటే అవన్నీ ఏకరువు పెట్టింది. పట్టపగలు, అంత జనంలో దాన్నెవరు ఎత్తుకుపోతారని ఆయన పేపరు తిరగేశాడు. ఆ మాటతో ఆమెకు ఎత్తుకుపోయే భయం కూడా కొత్తగా పట్టుకుంది.

దిక్కు తోచక మేబెల్ గారికి ఫోన్ చేసింది. మేబెల్ గారు నర్సు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, పద్మారావు నగర్‌లోని వాళ్ల చర్చి సంఘంలో స్త్రీల సమాజానికి పెద్ద. ఎవరింట్లో ఆపరేషన్ ఉన్నా, పరీక్షలున్నా ఆ ఆడవాళ్లు గొలుసు ప్రార్థన పెడతారు. తలా ఒక గంట వంతు వేసుకుని, ఒకరు ముగించగానే తర్వాతి వాళ్లకి ఫోన్ చేసి అప్పగిస్తారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్రార్థన తెగదు. దేవకృప కోసం అలాంటిదొకటి పెట్టమని ప్రేమమణి బతిమాలుకుంది.

మేబెల్ గారు అంతా విని, "ప్రేమా, ఇంట్లో కళ్లు మూసుకుని చేసే ప్రార్థన ఏదో అక్కడే నిలబడి చేస్తే పోలేదూ? పిల్లని కనిపెట్టుకుని ఉన్నట్టూ ఉంటుంది," అన్నారు.

నేను రానని మాటిచ్చింది గానీ, ఇంకెవరూ రారని చెప్పలేదుగా అనుకుంది ప్రేమమణి. ఆమె ప్రాణం లేచొచ్చింది. వంతులు తనే వేసి, సందు గుర్తులు తనే చెప్పింది.

పిల్ల బజారులో నిలబడ్డ ఆ మూడు రోజులూ ఇంట్లో ఫోన్ మోగుతూనే ఉంది. పిల్ల నీడలోనే ఉందని ఒకరు, మంచినీళ్లు తాగిందని ఒకరు చెప్పారు. రెండో రోజు వంతుకెళ్లిన ఏసురత్నం గారు మాత్రం కొంచెం బాధగా మాట్లాడింది. దారిన పోయేవాళ్లు చెయ్యి అడ్డంగా ఊపి వెళ్లిపోతున్నారట, టైం లేదంటున్నారట. పిల్ల కాగితాలు పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడితే చూడలేక తనే గీత మీదుగా నడిచి జవాబులు చెప్పి వచ్చిందట. తన తర్వాత వంతు వాళ్లకి కూడా అలా చెయ్యమని చెప్పిందట. ఎంత మంచి మనసమ్మా అని ప్రేమమణి కళ్లు తుడుచుకుంది.

ఇంటికొచ్చిన దేవకృప ఆ ఊసే ఎత్తలేదు. కానీ నాలుగో రోజు కాలేజీ నుంచి వచ్చింది మొదలు తల్లితో మాట మానేసింది.

అరుపులు లేవు, ఏడుపులు లేవు. అన్నం పెడితే తింటుంది. పిలిస్తే చూస్తుంది. అడిగితే జవాబు లేదు. తలనొప్పా, ఎవరైనా ఏమైనా అన్నారా, బజారులో ఏదైనా జరిగిందా అని ప్రేమమణి కాలుగాలిన పిల్లిలా కూతురి వెనకాలే తిరిగింది. గదిలోకి వెళ్తే కూతురు వరండాలోకి పోయేది. పిడుగులాంటి జబ్బేదో వచ్చి నోరు పడిపోయిందేమో అనుకుని హడలిపోతే, అవతల గదిలో తండ్రితో చక్కగా మాట్లాడడం వినిపించింది. అప్పుడు భయం పోయి ఉక్రోషం వచ్చింది. తొమ్మిది నెలలు మోసింది నేనైతే ముచ్చట్లు ఆయనతోనా అని గిన్నెలు దభీమని సర్దింది.

లూకాయే చెప్పాడు, ఆదివారం ఆరాధన నుంచి తిరిగి నడిచొస్తుంటే.

దేవకృప కాగితాల్లో సగానికి పైగా పద్మారావు నగరేనట. పటం మీద గుర్తులన్నీ చీమలు చేరినట్టు ఒక్క పేట మీదే కూర్చున్నాయట. వచ్చిన పని ఏమిటంటే అందరిదీ లేసే. ఇల్లు దాటకుండా పక్కింటి వాళ్లని అడిగి నింపుకొచ్చావా అని రామభద్రరావు సారు క్లాసు ముందు నిలబెట్టి అడిగారట. మా సంఘం ఆంటీలు వచ్చారు, గీత దాటారు, పద్ధతి ప్రకారమే అడిగానంది పిల్ల. మూడు రోజులూ సంఘమంతా లేసు కొనడానికే వచ్చిందా అనేసరికి క్లాసంతా గొల్లుమందట. అమ్మే పంపింది అని చెప్పడానికి దానికి నోరు రాలేదట. దేవకృప అబద్ధమాడదని పేరున్న పిల్ల. ఇప్పుడు దొంగలెక్కల పిల్ల అయింది. సారు తన కళ్ల ముందు మళ్లీ చేసి చూపించమన్నారు. ఈసారి కూడా ఇలాగే వస్తే సున్నాయే.

ప్రేమమణి రోడ్డు మీదే ఆగిపోయింది. కంటికి రెప్పలా కాస్తే, ఆ కాపలాయే కంట్లో నలుసై కూర్చుందే అనుకుంది.

మేబెల్ గారితో మొరపెట్టుకుంటే ఆవిడకి అసలు తప్పే కనపడలేదు. పిల్ల ఒంటి మీద గీత పడకుండా ఇంటికొచ్చిందా లేదా, మన ప్రార్థన విన్నట్టే కదా అన్నారు. ఈసారి ఇంకో రెండు వంతులు కలుపుదామన్నారు కూడా. వద్దమ్మా తల్లీ, మీకు దణ్ణం, ఎవ్వరూ ఆ వైపు వెళ్లకండని ప్రేమమణి ఫోన్‌లోనే చేతులెత్తింది.

సారుకి ఉత్తరం రాసివ్వమన్నాడు లూకా. ఆమె కాగితం ముందేసుకుని కూర్చుని, అయ్యా అని రాసి, ఆ తర్వాత ఏం రాయాలో తోచక మడిచి పారేసింది. నోటితో చెప్పడమే మేలనుకుని సోమవారం కాలేజీకి బయల్దేరింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆఫీసుకి వెళ్లమన్నాడు. ఆఫీసులో డిపార్ట్‌మెంట్‌కి వెళ్లమన్నారు. మెట్లెక్కి అక్కడికి పోతే తాళం వేసి ఉంది. సారు ఫీల్డ్ వర్క్ పిల్లలతో జనరల్ బజార్‌కి పోయారని అటెండర్ చెప్పాడు.

బజారుకి రానని మాటిచ్చిన మనిషి. మెట్ల మీదే కూలబడింది. ఇంటికి పోతే పిల్ల మీద మచ్చ అలాగే ఉంటుంది. బజారుకి పోతే మాట పోతుంది. మాటదేముంది, అదెప్పుడో పోయిందిలే అని తనని తనే తిట్టుకుంటూ ఆటో ఎక్కింది.

సందు మొదట్లో జనం కిటకిటలాడుతున్నారు. ఆటో మీదికి రాలేదు, ఎవరూ ఎవరినీ తొయ్యలేదు. సుద్దగీత దగ్గర దేవకృప నిలబడి ఉంది. పక్కనే సారు కాబోలు, తెల్లచొక్కా ఆయన చేతులు కట్టుకుని చూస్తున్నారు. ఇద్దరు ముగ్గురు తోటిపిల్లలు కూడా ఉన్నారు. సారు ఒంటరిగా కాస్త ఇవతలికొస్తే చెప్పేద్దామని ప్రేమమణి ఒక లేసుల కొట్టు అరుగు పక్కన నక్కింది.

కొట్టతను పర్వతాలు ఆమెను ఎగాదిగా చూసి, లేసు కావాలా అని అడిగాడు. వద్దంది.

"మొన్న సుత గిట్లనే వచ్చిండ్రమ్మా, మీ లెక్కనే తెల్లచీరలు గట్టుకోని. లేసు చేతుల పట్టుకునుడు, కండ్లు మూసుకోని ఏందో గునుగుడు. ఒక్కరన్న మూరెడు కొన్నది లేదు. ఒగలు పోంగనే ఇంకొగలు షురూ. నేనైతే పరేషాన్ అయిన," అన్నాడు పర్వతాలు. "గా పోరికి ఏం తక్లీఫ్ వచ్చిందో ఏమో, ఇయ్యాల జెర మొఖం దించుకోనే ఉన్నది."

ప్రేమమణి తల వంచుకుంది. సారు గీత పక్క నుంచి కదిలేలా లేరు. నిలబడితే పర్వతాలు ఇంకేం అంటాడోనని, సందు అంచు పట్టుకుని నెమ్మదిగా అటు నడిచింది. ముందు నుంచి ఒక తోపుడుబండి వచ్చింది. తప్పుకోబోయి ఓ అడుగు పక్కకేసింది.

అప్పుడే దేవకృప ఒక కాగితం ముగించి తల ఎత్తింది.

ప్రేమమణి కిందికి చూసుకుంది. కాలు గీత మీద ఉంది.

కూతురి మొహం ఎర్రబడింది. చూపు తిప్పుకుని వెనకాలొస్తున్న మనిషి వైపు చూడబోయింది. "ఈవిడే కదమ్మా ముందు దాటింది. అడుగు," అన్నారు సారు.

దేవకృప కొత్త కాగితం అట్ట మీద పెట్టుకుంది. నాలుగు రోజుల తర్వాత తల్లితో ఆమె అన్న మొదటి మాట ఇది:

"నమస్కారమండీ. మేం కాలేజీ విద్యార్థులం. మీరు ఎక్కడి నుంచి వచ్చారండీ?"

తన కూతురు తనని మీరు అనడం ప్రేమమణి పుట్టి బుద్ధెరిగి వినలేదు.

"పద్మారావు నగర్."

తోటిపిల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. సారు పెదవి విరిచారు. దేవకృప రాసుకుంది. అక్షరాలు వంకర పోయాయి.

"ఏ పని మీద వచ్చారండీ?"

లేసుకని ఒక్క మాటంటే చాలు, తనెవరో ఎవరికీ తెలీదు. మళ్లీ పులి బోను దగ్గర గొడుగేసుకున్న తల్లి కాకుండా ఏ దారిన పోయే ఆడమనిషిలాగో వెళ్లిపోవచ్చు. నిజం చెబితే ఈ పిల్లలు ఏడాది పొడుగునా దాన్ని ఏడిపిస్తారు. చెప్పకపోతే అది దొంగలెక్కల పిల్లగానే ఉండిపోతుంది. కూతురి మొహంలో ఏదైనా దొరుకుతుందేమోనని వెతికింది. దేవకృప కళ్లు కాగితం మీదే ఉన్నాయి. పెన్సిలు మొన కాగితానికి ఆనించి ఉంచింది. తోపుడుబండి వాడు దారి ఇవ్వమని అరిచి, చుట్టూ తిప్పుకుని వెళ్లిపోయాడు. వెనకాల ఎవరో గీత దాటారు, ఇంకెవరో దాటారు. చెప్పడం ఇష్టం లేకపోతే పోనివ్వమ్మా అనబోయి సారు కూడా ఆగారు. పెన్సిలు మాత్రం కదల్లేదు.

"కొనడానికేం రాలేదమ్మా," అంది ప్రేమమణి చివరికి. ఆ మాట సారుకి కూడా వినపడేలా గొంతు పెంచింది. "మొన్న వచ్చిన మా సంఘం ఆడవాళ్లు కూడా లేసుకి రాలేదు. నా కూతురు ఇక్కడ ఒక్కతే నిలబడుతుందని భయమేసి, వాళ్లని ఒకరి తర్వాత ఒకరిని పంపింది నేనే. అది చెప్పడానికొచ్చాను. రాసుకో."