రాము విప్పిన ఫోర్కులు
యారాడ తీరపు ఉప్పుగాలికి రాము పాత మోటారుసైకిల్ ముందు చక్రాన్ని పట్టే ఫోర్కుల గొట్టాలు తుప్పు పట్టి గుంటలు పడ్డాయి. గొట్టాలే మార్చాలని మెకానిక్ చెప్పినా వినకుండా, రాము వాటిని ఇంటి ముందే విప్పి, గరుకు కాగితంతో రుద్ది, లోపలి ఆయిల్ కారకుండా కొత్త రబ్బరు సీళ్లు వేసి బిగించాడు. "ఈమాత్రం పనికి మెకానిక్ ఎందుకు మామా?" అని గొప్పగా చెప్పి, మామ దాలయ్యను వెనక ఎక్కించుకుని సింహాచలం బయలుదేరాడు.

తుప్పు గుంటలు దారిలోనే ఆ సీళ్లను కోసేశాయి. కారిన ఆయిల్ ముందు బ్రేకులోకి దిగింది. కొండ కింద బ్రేకు పట్టక బండి ఒక పూలకొట్టులోకి దూసుకుపోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గానీ, బుట్టెడు సంపెంగలు మట్టిపాలయ్యాయి.

"ఎవుడు నడిపినాడు బండి?" అని పూలమ్మే ముసలామె నిలదీసింది. జనం మూగారు. రాము ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నానే తల్లీ. నాకు సరిగ్గా రాదు," అన్నాడు దాలయ్య. పడవ నడపడమే గానీ ఆయన జన్మలో సైకిలైనా తొక్కలేదు. ఆమె తిట్టినంతసేపూ తల వంచుకుని, నలగని పూలు ఏరి బుట్టలో వేశాడు. పక్కనే నిలబడిన రాము మామ ముఖంలోకి చూడలేకపోయాడు.

ఇద్దరూ బండిని దగ్గర్లోని షెడ్డుకి తోసుకెళ్లారు.

"ఈ ఫోర్కులు ఎవులు విప్పేరు?" అని అక్కడి మెకానిక్ అడిగాడు. దాలయ్య మళ్లీ నోరు తెరవబోతే రాము ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"నాను. బండి నడిపింది కూడా నానే," అన్నాడు.

తర్వాత మామను అక్కడే కూర్చోమని, ఒక్కడే పూలకొట్టు వైపు నడిచాడు.