లంకలో కొండ

కొండ ఎక్కణ్ణించి తెస్తాం, ఈ లంకంతటికీ మెరకంటే గేదెల పాక వెనకాల పెంటకుప్ప ఒక్కటే, దాన్నే చూపించి ఇదేనండి మా కొండ అంటే ఆ ఢిల్లీ ఆఫీసరు నమ్ముతాడా, నమ్మినా నమ్ముతాడు, దీపం కొండెక్కిందంటే నిజంగానే కొండమీదికి ఎక్కించారనుకున్న మహానుభావుడు, అనుకుని సత్యకుమారికి మళ్ళీ నవ్వు తన్నుకొచ్చింది, పేడచేత్తో నోరు మూసుకోబోయి ఛీ ఛీ అని మోచెయ్యి అడ్డం పెట్టుకుంది, గోదారి మధ్యలో పడవ కనిపిస్తోంది, గొడుగు వేసుకుని కూచున్నది గ్రామసేవక్ బంగార్రాజు గారు, ఆ పక్కన టోపీ ఆయనే అయ్యుంటాడు, ఇంకో పావుగంటలో రేవులో దిగుతారు, దిగగానే కొండేదీ అంటాడు, భయమో సంతోషమో తనకే తెలీటం లేదు, రెండూ కలగాపులగం అయిపోయాయి.

అంతా ఆ కార్డు తెచ్చిన తంటా, కార్డుదేముంది, రాసింది తనేగా, కరెంటు స్తంభాలు అవతల ఏటిగట్టు దాకా వచ్చి ఆగిపోయాయి, గోదారి దాటించడం మావల్ల కాదన్నారు, పోనీలే అనుకుంటే గవర్నమెంటు వారే ఇంకో స్కీము పెట్టారు, ముందు గోబర్ గ్యాసు తొట్టి కట్టిస్తాం, దాని దీపం సవ్యంగా వెలిగిందా, ఆ గ్యాసుతోనే నడిచే ఇంజనూ డైనమో ఇస్తాం, లంకలో ఉన్న పన్నెండిళ్ళకీ కరెంటు, అని బంగార్రాజు గారు అరుగుమీద కూచుని చెబుతోంటే అత్తగారు మహాలక్ష్మమ్మ గారు కొబ్బరి గ్యాసని విని, ఏంటి బాబూ, కాయలతోటా చిప్పలతోటా అని అడిగింది, కాదండీ పేడతోనండీ అంటే, హవ్వ, కొబ్బరి గ్యాసుకి పేడెందుకయ్యా అంది, ఇప్పటికీ ఆవిడకది కొబ్బరి గ్యాసే, సరే, తొట్టి కట్టారు, దానిమీద ఇనప డ్రమ్ము బోర్లించారు, గొట్టం వేశారు, మూణ్ణెల్లు దీపం దివ్యంగా వెలిగింది, పుష్యమాసంలో ఒకనాడు ఠక్కున, ఆ మాట మాత్రం అనకూడదు, దీపాన్ని పట్టుకుని ఎవరైనా అలా అంటారా, అత్తగారు వింటే చెంపలు వాయించుకుంటుంది, అందుకే ఆఫీసుకి రాసిన కార్డులో పద్ధతిగా రాసింది, అయ్యా, మా గ్యాసు దీపం కొండెక్కినదండి, తమరు దయచేసి వచ్చి చూడవలెను, అని.

దాన్ని ఎవరో పుణ్యాత్ముడు ఇంగ్లీషులోకి మార్చి ఢిల్లీకి పంపాడు, ఎనిమిది రోజుల కింద టైపు కొట్టిన జవాబొచ్చింది, మీ దీపం కొండ ఎక్కినందుకు మిక్కిలి సంతోషించాం, ఎత్తైన చోట వెలుగుతున్న ఆ దీపాన్ని స్వయంగా చూడటానికి వస్తున్నాం, బంగార్రాజు గారు అది చదివి నవ్వీ నవ్వీ పొలమారి, మంచినీళ్ళు తాగి, అప్పుడు మొహం వేలాడేశాడు, అక్కగారూ, తవరు మాత్రం నోరు విప్పకండి, దీపం ఆగిందని తెలిస్తే ఇంజను ఇంకో ఊరికి పోతుంది, కొండ మొన్నటి వరదకి కొట్టుకుపోయిందని నేను చెప్పుకుంటాలెండి అన్నాడు, ఆయ్, అలాగేనండి అంది తను, అని లోపలికెళ్ళి అటకవంక చూసింది, దానిమీద టేబుల్ ఫ్యానుంది, పెళ్ళికి పెనుగొండ నించి నాన్న పంపింది, పన్నెండేళ్ళయింది, ఒక్కసారంటే ఒక్కసారి తిరగలేదు, ఏడాదికోసారి దింపి దుమ్ము దులిపి, పిల్లలు వేలితో రెక్కలు తిప్పుకున్నాక మళ్ళీ పాతచీర చుట్టి పైన పెట్టేస్తారు, ఆయన, అంటే వెంకటరత్నం గారు, ఉక్కపోసినప్పుడల్లా విసనకర్ర అందిస్తూ, ఇదిగో మీ పుట్టింటి ఫ్యాను అని ఏడిపిస్తాడు.

అందరూ పేడలోనే తప్పుందన్నారు, పల్చగా ఉందని ఒకరు, చిక్కగా ఉందని ఒకరు, కలిపి కలిపి విసుగెత్తింది, కానీ డ్రమ్ము పైకి లేచే ఉందే, అంచున బుడగలొస్తూనే ఉన్నాయే, కడుపు నిండా గ్యాసు పెట్టుకుని దీపానికెందుకు రాదు, అదే ఆలోచన, అన్నం వారుస్తున్నా అదే, ఇవాళ పొద్దున్న పాల చెంబుతో పాకలోంచి వస్తూ గొట్టం దాటబోయి ఎందుకో వంగి చెవి ఆనించింది, బుడ, బుడబుడ, పడిశం పట్టిన ముక్కులాగ, ఓరి నాయనో, నీళ్ళు, పాక పక్కన గొట్టం కిందికి జారిన చోట నీళ్ళు చేరి దారి మూసేశాయి, పేడకేం రోగం, పాపం దాన్నెన్ని తిట్టాం, ఏమండీ ఏమండీ ఇలా రండి అని అరిస్తే ఆయన పాము అనుకుని కర్ర పట్టుకొచ్చాడు, కర్ర కాదండీ రెంచీ తెండి, మర వదులు చెయ్యగానే బుడుక్కున చెంబెడు నీళ్ళు, ఏం కంపు, ఏం కంపు, మళ్ళీ బిగించి వంటింట్లో దీపానికి అగ్గిపుల్ల గీస్తే భుస్సుమని నీలంగా వెలుగు, అత్తగారు పరుగున వచ్చి దణ్ణం పెట్టి, దిగొచ్చావా తల్లీ అంది.

పడవ రేవుకి తగిలింది, వచ్చారు, తొట్టి చూశారు, డ్రమ్ము తట్టారు, వంటింటి తలుపులు మూసి దీపం వెలిగిస్తే టోపీ ఆయన మొహం వెలిగింది, ఇంగ్లీషులో ఏదో అన్నాడు, భలేగా ఉందంటున్నారు అని బంగార్రాజు గారు, తర్వాత ఇంకోటి అడిగాడు, తెలుగులోకి మార్చనక్కర్లేకుండానే తెలిసిపోయింది, కొండ, బంగార్రాజు గారు గొంతు సవరించుకుని వరద కథ ఎత్తుకోబోతూ గోదారివైపు చెయ్యి చాపుతున్నాడు, చెప్పనీ, ఊరుకో సత్యకుమారీ, నీ ఫ్యాను, పన్నెండిళ్ళ కరెంటు, ఊరుకోవే, కానీ ఆ చెంబెడు నీళ్ళు, అవి తను పట్టుకుందని ఈ భూమ్మీద ఎవరికీ తెలీకుండా పోతుందే, నోట్లో నువ్వుగింజ నానదని అత్తగారు ఊరికే అనదు, కొండ లేదండీ, కొండెక్కిందంటే ఆగిపోయిందనండీ, ఎనభై రోజులు ఆగిందండీ, ఇవాళ పొద్దున్నే నేను దింపానండీ, అనేసింది, అని ఆగిందా, చెయ్యి పట్టుకోకుండా పట్టుకున్నంత పని చేసి టోపీ ఆయన్ని గొట్టం దగ్గరికి లాక్కెళ్ళింది, ఇక్కడ చెవి పెట్టండి, ఇదుగో మర, ఇన్ని నీళ్ళు, అని పాలచెంబు చూపించింది, బంగార్రాజు గారు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు, ఇంకేం చేస్తాడు, ఒక్కొక్క ముక్కా ఇంగ్లీషులో చెప్పాడు.

టోపీ తీశాడాయన, బురదలో మోకాళ్ళమీద కూచుని గొట్టానికి చెవి పెట్టాడు, పోయింది, ఇంజను పోయింది, నా నోరు పాడుగానూ అనుకుంటోంటే లేచి ఏదో అన్నాడు, ఏంటటండీ, ఏంటటండీ, బంగార్రాజు గారు తెలుగులో చెబుతున్నాడు, ఆగకుండా వెలిగే దీపాలు కాయితాల్లో బోలెడు చూశారటండీ, ఆగినదాన్ని వెలిగించుకున్న వాళ్ళని ఇక్కడే చూశారటండీ, ఇంజను పాక ఎక్కడ వేస్తారో చోటు చూపించమంటున్నారండీ, ఆ తర్వాత ఆయన ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు, వినపడితేగా, అత్తగారు అయితే కొబ్బరి గ్యాసుతో ఫ్యాను తిరుగుతుందంటావా అంటోంది, వెంకటరత్నం గారు విసనకర్ర ఎక్కడ దాచాలా అని చూస్తున్నాడు, సత్యకుమారికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చేశాయి, దీపం కొండెక్కింది, ఫ్యాను అటకెక్కింది, చేతులు దులుపుకోవడానికి ఎంత చల్లటి మాటలు పెట్టుకున్నాం, ఎక్కిందిలే అనేసి, ఎప్పటికో అదే దిగొస్తుందని కూచున్నాం, పన్నెండేళ్ళు కూచున్నాం, ఏదీ దానంతటది దిగదు, ఎవరో ఒకరు దింపాలి, అంతే, ఏమండోయ్, ఆ నిచ్చెన ఇలా తెండి.