మెల్లగా పరిగెత్తే రోజు

పెళ్లయి రెండు నెలలైనా కాలేదు. పరిగెత్తే భర్త పక్కన సైకిల్ తొక్కడం కంటే పెద్ద సుఖం లోకంలో ఉందంటే ఆమె నమ్మేది కాదు. నది ఒడ్డున తడి మట్టి బాట, ఇంకా తెరవని కొట్ల ముందు ఒళ్లు విరుచుకునే పిల్లులు, అన్నింటి మీదా ఆమె దగ్గర ఒక కబురుంది. ఆయనే పలకడు.

"ఆ పిల్లిని చూశారా? అచ్చం మా హెడ్‌మాస్టరే!"

"ఊఁ."

"నా మీద కోపమా?"

"ఊఁహూఁ."

సాయంత్రం ఆ ఫిర్యాదు మోసుకుని వదిన వంటింటికి వెళ్లింది. వదినంటే ఆయన అక్క, ఆయన కోచ్ కూడా. మెడలో ఈల తియ్యకుండానే ఉల్లిపాయలు తరుగుతోంది. ఆయనది ఎనిమిది వందల మీటర్ల పరుగు. రెండేళ్లుగా రెండు నిమిషాల గీత దాటలేక, బురదలో దిగబడ్డ బండిలా అక్కడే ఉన్నాడు. వచ్చే నెల పోటీలోనూ దాటకపోతే క్లబ్బు జట్టులో ఆయన చోటు ఇంకొకరికి పోతుంది.

"మీ తమ్ముడు నాతో మాట్లాడరు వదినా, పరిగెత్తేటప్పుడు."

"పరిగెత్తేవాడు కబుర్లేం చెప్తాడే, పిచ్చి మొహమా!" నవ్వుతూనే కత్తి ఆపింది వదిన. "ఆగాగు. ఎప్పటి సంగతి?"

"ఇవాళే. మెల్లగా పరిగెత్తే రోజని మీరే అన్నారుగా."

"మెల్లగా పోతే నోటికేం రోగం? మాట రాలేదంటే ఇవాళా పందెమే పరిగెత్తాడన్నమాట! ఒళ్లు తేరుకోవాల్సిన రోజున కూడా ఊడ్చేసుకుంటే పోటీకేం మిగులుతుంది, బూడిద! అడిగితే మెల్లగానే పోతున్నానంటాడు. ఎవరైనా దాటితే వాడికి తల కొట్టేసినట్టుంటుంది. చూడమ్మాయ్, ఇకనుంచి ఆ రోజులు నీవి. వాడిచేత వాగించు. మాట తెగిందా, ఆపెయ్."

ఇంత తీపి ఆజ్ఞ ఆమెకెవరూ ఇవ్వలేదు.

మళ్లీ మెల్లగా పరిగెత్తే రోజు రాగానే ఆయన తన చిన్ననాటి దొంగతనం కథ మొదలుపెట్టాడు. ఇంతలో బొజ్జ ఊపుకుంటూ, కూనిరాగం తీస్తూ ఒక పెద్దాయన వాళ్లను దాటిపోయాడు. భర్త చెవులు ఎర్రబడ్డాయి. అడుగులు చురుకయ్యాయి.

"అప్పుడా గోడ... దూకి... జామ..."

ఆమె సైకిల్ గంట మోగించింది. "మాట తెగింది!"

"ఆ బొజ్జాయన నన్ను దాటేశాడే!"

"దాటనివ్వండి. పాపం, ఆయన కాఫీ చల్లారిపోతోందేమో."

"నువ్వు మా అక్క గూఢచారివి," అని మూతి ముడిచినా, జామకాయల దాకా కథ పూర్తి చేయక తప్పలేదు. తర్వాత చదువు కథలు, ఉద్యోగం కథలు, పెళ్లిచూపుల్లో గుండె దడ కథ. ఆ చివరిది మూడుసార్లు చెప్పించుకుంది. నెల తిరగకముందే, గట్టిగా పరిగెత్తే రోజుల్లో వదిన తమ్ముడి వేగం నమ్మలేక తన స్టాప్‌వాచ్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడడం మొదలుపెట్టింది.

పోటీ రోజు మొదటి చుట్టుకు ఆయన నాలుగోవాడు. చివరి మలుపులో మిగతావాళ్ల భుజాలు బిగుసుకుపోతుంటే ఆయనవి వదులుగానే ఉన్నాయి. ఒకర్ని దాటాడు, ఇంకొకర్ని దాటాడు. రెండో స్థానం. బోర్డు మీద అంకెలు రెండు నిమిషాల లోపే వెలిగాయి. వదిన ఊదిన ఈలకు ఒక అధికారి వచ్చి చివాట్లు పెట్టి వెళ్లాడు.

"రేపు పరుగు లేదురా," అంది వదిన, కళ్లు తుడుచుకుంటూ.

ఇదివరకైతే గంటసేపు వాదించేవాడు. "సరే అక్కా," అని గడ్డిలో వెల్లకిలా పడుకున్నాడు.

ఆమె పక్కన కూర్చుంది. "అయితే రేపు ఎన్నింటికి లేద్దాం?"

"అసలెందుకు లేవడం?" అన్నాడు ఆయన.