తాళమక్క

తాళమక్క పెద్ద డ్రమ్ము మరలు బిగిస్తూ తలుపు వైపే చూస్తోంది. బిగించిన మరనే మళ్లీ బిగిస్తున్నానన్న ధ్యాస కూడా ఆమెకు లేదు.

యువజన కేంద్రంలో ఈ నేలమాళిగ గది ఆమెది. ఏదో జీతం రాళ్ల కోసం చేరింది. జుట్టు ఇక్కడే నెరిసింది. గోడ పొడవునా రంగు డబ్బాలు, నీలం పీపాలు, బోర్లించిన బకెట్లు. బడి మానేసినవాళ్లు, వీధిలో తన్నుకునేవాళ్లు వచ్చి వాటిని వాయిస్తారు. "ఒకళ్లనొకళ్లు బాదుకునే బదులు వీటిని బాదండర్రా" అన్నదే ఆమె మొదటి పాఠం. నడుముకి తాళాల గుత్తి, నోట్లో ఎప్పుడూ తాళం. పేరు అలా స్థిరపడింది. కంచం మీద కూడా వాయించే మనిషితో కాపురం నా వల్ల కాదని మొగుడు వెళ్లిపోయాడు. ఆమె పెద్దగా వెతకనూ లేదు.

గదికి ఒకటే కట్టుబాటు. మధ్యలో ఎవరు లేచినా, వాళ్ల దెబ్బ పక్కవాళ్లు అందుకోవాలి. పాటకు చిల్లు పడకూడదు.

ఇవాళ పెద్ద డ్రమ్ము వాయించే పిల్ల, పిడుగు, ఉరుకుతూ వచ్చింది. పెదాలు పాలిపోయి ఉన్నాయి.

"అక్కా, అన్నయ్య ఇవాళ నన్నే గంజాయి పొట్లం మొయ్యమంటున్నాడు. ఆడపిల్లనైతే పోలీసులు తడమరంట. కిందటిసారి మోసినవాడు తన్నులు తిని ఆస్పత్రిలో పడి, ఇంకా కళ్లు తెరవలేదక్కా."

"మీ పిన్నికి చెప్పావా?"

"చెప్పాను. నన్ను తీసుకెళ్లిపోడానికి వెనక సందులో కారులో ఉంది. కానీ అన్నయ్య నా వెంటే వచ్చాడు. పైన మెట్ల దగ్గరున్నాడు."

అప్పుడే బూట్ల చప్పుడు. ఒక్కో మెట్టూ తాపీగా దిగుతోంది.  తలుపు పక్కనే కూర్చున్న బక్కపిల్లాణ్ని అందరూ చిడత అంటారు. వాడితో తాళమక్క పళ్ల బిగువున అంది:

"తాళం వెయ్!"

చిడత వేశాడు. తొడ మీద, అరచేత్తో. ఆ గదిలో ఆ మాటకు ఇంకో అర్థం ఉందని వాడికి ఎవరు చెప్పారు గనక! డబ్బాలు అందుకున్నాయి, పీపాలు అందుకున్నాయి. పిడుగు చేతులు కూడా అలవాటు కొద్దీ డ్రమ్ము మీద పడ్డాయి.

"ఓరి నీ మొహం మండా..."

ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. కానీ బూట్లు ఆగాయి. తలుపు సందులోంచి సిగరెట్టు వాసన వచ్చింది. పెద్ద డ్రమ్ము మోగుతున్నంతసేపూ చెల్లెలు లోపలే ఉన్నట్టు. వాడి ధీమా అది.

తాళమక్క పిడుగు భుజం తట్టింది. కళ్లతో వెనక తలుపు చూపించింది.

పిల్ల లేచింది. పక్కవాడు పీపా వదిలి డ్రమ్ము అందుకున్నాడు. మొదటి దెబ్బ తడబడింది.  వెనక తలుపు గడియ కీచుమంది. చిడత డబ్బా లాక్కుని ఆ కీచును కప్పేలా బాదాడు. పిడుగు వెనక్కి చూడలేదు. గుమ్మం దాటి, గోడ వారగా వెళ్లిపోయింది.

వెనక తలుపుకు ఈసారి తాళమక్క తనే తాళం వేసింది. తాళంచెవి గుప్పిట్లో చెమటకు జారుతోంది.

"ఇంకెంతసేపక్కా? చేతులు ఊడిపోయేలా ఉన్నాయి," గొణిగాడు చిడత.

"ఊడితే అతికిస్తాలే. వాయించు."

సందులో కారు కదిలిన చప్పుడు వినబడీ వినబడనట్టు తగిలింది. ఆమె ఆపమనలేదు. ఆపితే తలుపు తెరుచుకుంటుంది.

ఆపకపోయినా తెరుచుకుంది.

నున్నగా దువ్విన తల, చిరునవ్వు. "మా చెల్లేదక్కా?" ఎంతో మర్యాదగా అడిగాడు.

తాళమక్క వెళ్లి వాడికీ పిల్లలకీ మధ్య నిలబడింది. చేత్తో తాళం చూపిస్తూనే ఉంది. ఎవరూ ఆగలేదు. వాడు ఒక్కొక్క మొహాన్నే చూసుకుంటూ వచ్చి, జేబులోంచి ఫోను తీసి నొక్కాడు.

ఖాళీ ఇనప స్టూలు మీద పిడుగు వదిలేసిన ఫోను, 'అన్నయ్య' అని వెలుగుతూ, వణుకుతూ, అంచు వైపు జరుగుతోంది.